పని వస్తే చాలదు, పనిని రాసి పెట్టాలి



మంచి కొలువు దొరకాలంటే ఏం కావాలి అని అడిగితే మనలో ఎవరైనా మూడు మాటలు చెబుతారు. చదువు కావాలి, ఇంగ్లీషు కావాలి, కంప్యూటర్ కావాలి. నాలుగో మాట ఎవరూ పైకి చెప్పరు గానీ అందరికీ తెలుసు. 'తెలిసినవాళ్ళు' కావాలి. వకీలు కొడుకు గురించి ఇంకో వకీలుకు ఒక ఫోన్ పోతుంది. డాక్టరు బిడ్డ గురించి ఇంకో డాక్టరుకు ఒక మాట పోతుంది. మన ఇళ్ళల్లో నాన్న సాంచాల మీద ఉంటాడు, అమ్మ బీడీలు చుడుతుంది, లేదంటే ఇద్దరూ కూలికి పోతారు. వాళ్ళ మాటకు ఊళ్ళో విలువ ఉంటుంది. కానీ ఆ మాట మానేరు దాటి పోదు. ఇంటికి మొదటి డిగ్రీ తెచ్చిన మాలాంటి వాళ్ళం అందరం ఈ గోడ దగ్గరే ఆగుతున్నాం.

ఈ గోడకు ఒక తలుపు ఉంది. అది మనం చేసే పని గురించి, నేర్చుకునే పని గురించి, క్రమం తప్పకుండా, మన పేరుతో, నలుగురు చదివేలా రాయడం. ఇది మనిషి బతుకుదెరువును ఎలా మారుస్తుందో, ఒక్కోసారి మొత్తం వృత్తినే ఎలా మారుస్తుందో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఉదాహరణలు చాలావరకు మన చుట్టుపక్కలవే తీసుకున్నాం.

రాత అంటే కవిత్వం ఒక్కటే కాదు

రాయడం అనగానే మనకు కవులు గుర్తుకొస్తారు. తప్పు లేదు. మన జిల్లాలోని హనుమాజీపేటలో పుట్టిన సినారె గారు 1988 సంవత్సరానికి జ్ఞానపీఠ పురస్కారం అందుకున్నారు. అయితే ఆ దారి అందరికీ దొరకదు. మనం చెప్పుకునేది పని రాత. దానికి ఛందస్సు అక్కర్లేదు, అలంకారాలు అక్కర్లేదు. ఏం చేశాం, ఎట్లా చేశాం, ఏది కుదిరింది, ఏది కుదరలేదు, ఎంత ఖర్చయింది అని ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు.

రాయనిది లేనట్టే లెక్క

నిజాం కాలంలో తెలంగాణలో తెలుగు కవులే లేరు అనే మాట ఒకటి బయలుదేరింది. దానికి సురవరం ప్రతాపరెడ్డి గారు కోపంతో జవాబు చెప్పి ఊరుకోలేదు. 1926లో మొదలైన గోలకొండ పత్రికను నడుపుతూ, ఊరూరి నుంచి కవుల వివరాలు, పద్యాలు తెప్పించి 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చు వేశారు. అందులో 354 మంది కవులు ఉన్నారు. వాళ్ళెవరూ ఆ సంచిక కోసం కొత్తగా పుట్టలేదు. అప్పటికే ఉన్నారు. కానీ ఒకచోట రాసి పెట్టేదాకా 'లేరు' అన్నవాడి మాటే చెల్లింది.

ఈ మాటను మన సిరిసిల్లకు అన్వయించి చూద్దాం. సాంచా చప్పుడు మారగానే ఎక్కడ తేడా వచ్చిందో పక్క గదిలో నుంచే చెప్పే కార్మికులు మన ఇళ్ళల్లో ఉన్నారు. వార్పిన్ దగ్గర పోగు చూసి అది ఎన్ని రోజులు సతాయిస్తుందో చెప్పేవాళ్ళు ఉన్నారు. భీవండి, సూరత్ పోయి వచ్చి అక్కడి పద్ధతికి, ఇక్కడి పద్ధతికి తేడా చెప్పగలిగేవాళ్ళు ఉన్నారు. ఈ తెలివి ఏ పుస్తకంలో ఉంది? ఆ మనిషి మంచాన పడితే దానితోపాటే పోతుంది.

బయటి ప్రపంచానికి సిరిసిల్ల రెండు రకాలుగా తెలిసింది. ఒకటి నేతన్నల ఆత్మహత్యల వార్తలు. రెండోది 2017 నుంచి 2023 దాకా ఇక్కడ నేసిన బతుకమ్మ చీరలు. ఆ ఆర్డర్లు ఆగిన తర్వాత 2024లో సాంచాలు ఎట్లా మూగబోయాయో మన ఇళ్ళకు తెలుసు. ఆత్మహత్యల గురించి రాసిన విలేకరులు మంచి పనే చేశారు, అవి రాయాల్సిన వార్తలే. కానీ వేరేవాళ్ళు వచ్చి రాస్తే మన బాధ రాస్తారు. మన పనితనం మనమే రాయాలి. ఇక్కడ ఏయే రకాల గుడ్డ నేయగలరో, ఎంత నాణ్యంగా నేయగలరో కొనేవాళ్ళకు తెలియకపోతే ఒక్క ఆర్డరు మీదే బతకాల్సి వస్తుంది.

గుడ్డతోపాటు ఒక ఉత్తరం

సిరిసిల్లలో చేతివాటం ఉన్న నేతకారులకు కొదువ లేదు. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములు గారు, ఆయన బాటలో నడిచిన కొడుకు నల్ల విజయ్ గారి పేర్లు మనకు తెలిసినవే. ఇక్కడ వెల్ది హరిప్రసాద్ గారి ఉదాహరణను కాస్త జాగ్రత్తగా చూడాలి. ఆయన జి-20 దేశాల కూటమి చిహ్నాన్ని మగ్గం మీద నేసి ప్రధానమంత్రికి పంపించారు. 2022 నవంబర్ 27న 'మన్ కీ బాత్' ప్రసంగంలో ప్రధాని ఆ సంగతి చెప్పి, రాజన్న సిరిసిల్ల జిల్లా పేరు, హరిప్రసాద్ గారి పేరు దేశమంతా వినేలా చేశారు.

చాలామంది గమనించని సంగతి ఏమిటంటే, ఆయన గుడ్డ ఒక్కటే పంపలేదు. దానితోపాటు ఒక ఉత్తరం కూడా రాశారు. జి-20 సదస్సుకు మన దేశం ఆతిథ్యం ఇవ్వడం ఎంత గర్వకారణమో అందులో చెప్పుకున్నారు. గుడ్డ చూస్తే పనితనం తెలుస్తుంది. ఎవరు నేశారు, ఎందుకు నేశారు అనేది ఉత్తరం చెబుతుంది. పనికి మాట తోడైతేనే అది ఊరు దాటి పోతుంది.

ఆసు యంత్రం చెప్పే పాఠం

చింతకింది మల్లేశం గారి కథ 2019లో సినిమాగా వచ్చింది కాబట్టి చాలామందికి తెలుసు. ఆయనది ఆలేరు దగ్గరి శారాజీపేట. చీర నేసే ముందు ఆసు పోయాలి. అంటే దారాన్ని గూటాల చుట్టూ అటూ ఇటూ తిప్పాలి. ఒక చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు ఆడించాలి. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు. ఆ పని ఇంటి ఆడవాళ్ళదే. అమ్మ లక్ష్మి గారి భుజాల నొప్పి చూడలేక, బడి చదువు మధ్యలోనే ఆగిపోయిన మల్లేశం గారు 1992లో మొదలుపెట్టి 1999 నాటికి ఆసు యంత్రం తయారు చేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

యంత్రం చేసింది మల్లేశం గారి బుద్ధి, పట్టుదల. అందులో సందేహం లేదు. అయితే పల్లెల్లో ఇట్లాంటి యంత్రాలు చేసి, ఊరి పొలిమేర కూడా దాటని వాళ్ళు ఎందరో ఉంటారు. మల్లేశం గారి సంగతి బయటికి రావడం వెనుక రాసి పెట్టే మనుషులు ఉన్నారు. అహ్మదాబాద్ ఐఐఎంలో ఆచార్యులుగా పనిచేసిన అనిల్ గుప్తా గారు 'హనీ బీ నెట్‌వర్క్' అనే ఉద్యమం నడిపారు. హనీ బీ అంటే తేనెటీగ. తేనెటీగ పువ్వు దగ్గర తేనె తీసుకుంటుంది, కానీ పువ్వుకు నష్టం చెయ్యదు. పైగా ఒక పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వుకు చేరుస్తుంది. ఆ ఉద్యమం పెట్టుకున్న నియమాలు కూడా అట్లాంటివే. ఎవరి దగ్గర తెలివి తీసుకుంటే వాళ్ళ పేరు చెప్పాలి. రాసింది మళ్ళీ వాళ్ళ భాషలో వాళ్ళకే అందాలి.

మన రాష్ట్రంలో ఆ పనిని విశ్రాంత బ్రిగేడియర్ పోగుల గణేశం గారు 'పల్లె సృజన' ద్వారా చేస్తున్నారు. శోధయాత్రల పేరుతో ఊళ్ళు నడిచి, రైతులు, కమ్మరులు, నేతకారులు చేసిన కొత్త పరికరాలు వెతికి, అదే పేరుతో ఉన్న పత్రికలో వాళ్ళ వివరాలు రాశారు. మల్లేశం గారికి దన్నుగా నిలిచిన వాళ్ళలో వీరు ముఖ్యులు. ఒకరు యంత్రం చేశారు, ఇంకొకరు రాసి పెట్టారు. రెండూ కలిస్తేనే ఆసు పోసే చేతులకు విశ్రాంతి దొరికింది.

పరిశ్రమనే మార్చిన నెలవారీ కాగితం

ఇప్పటిదాకా ఒక మనిషి పేరు ఎట్లా నిలబడిందో చూశాం. మొత్తం పరిశ్రమే మారిన ఉదాహరణ కావాలంటే 200 ఏళ్ళ కిందటి ఇంగ్లండుకు పోవాలి.

కార్న్‌వాల్ అనే ప్రాంతంలో రాగి, తగరం గనులు ఉండేవి. గనుల్లో ఊరే నీళ్ళను ఆవిరి యంత్రాలతో తోడేవాళ్ళు. అక్కడ బొగ్గు దొరకదు, దూరం నుంచి తెప్పించాలి. అందుకే ఎంత బొగ్గుకు ఎన్ని నీళ్ళు తోడుతున్నాం అనేదే వాళ్ళకు చావుబతుకుల లెక్క. జేమ్స్ వాట్ పేటెంటు 1800లో ముగిసింది. ఆ తర్వాత కొన్నేళ్ళపాటు యంత్రాల సంగతి పట్టించుకునేవాళ్ళు లేక వాటి పనితనం పడిపోయింది.

1811లో జోయెల్ లీన్ అనే గని అధికారి ఒక పని మొదలుపెట్టాడు. ఏ గనిలో ఏ యంత్రం ఉంది, దాని కొలత ఎంత, ఈ నెల ఎంత బొగ్గు కాల్చింది, ఎన్ని నీళ్ళు తోడింది, దాన్ని చూసుకునే ఇంజనీరు ఎవరు అనే వివరాలతో నెలనెలా ఒక నివేదిక అచ్చు వేయించాడు. అందులో గొప్ప సిద్ధాంతాలేమీ లేవు, ఉన్నది ఒక పట్టిక. కానీ ఆ పట్టిక అందరి చేతుల్లోకి పోయింది.

దాని ఫలితం మూడు రకాలుగా కనిపించింది. మొదటిది, తన యంత్రం పక్క గని యంత్రం కన్నా ఎందుకు వెనకబడిందో ప్రతి ఇంజనీరూ ఆలోచించాల్సి వచ్చింది. రెండోది, బాగా చేసినవాడి పేరు అచ్చులో కనబడింది కాబట్టి గని యజమానులు అతన్ని వెతుక్కుంటూ వచ్చారు. ఎవరి సిఫారసూ లేకుండా అంకెలే సిఫారసు అయ్యాయి. మూడోది, ఒకరు కనిపెట్టిన మెరుగుదలను మిగతావాళ్ళు అందుకుని ఇంకో మెట్టు ఎక్కించారు. 1840ల నాటికి ఆ ప్రాంతపు యంత్రాలు అదే బొగ్గుతో సగటున సుమారు మూడు రెట్లు ఎక్కువ పని చేయసాగాయి. ఏ ఒక్క మేధావి వల్లనో ఇది జరగలేదు. అందరి లెక్కా అందరికీ తెలియడం వల్ల జరిగింది.

మన దగ్గర 20 షెడ్ల వాళ్ళు కలిసి, ఈ నెల ఏ సాంచా మీద ఎన్ని మీటర్లు దిగింది, పోగు ఎన్నిసార్లు తెగింది, మీటరుకు ఎంత కరెంటు కాలింది అని ఒకే కాగితం మీద రాసుకుంటే ఎట్లా ఉంటుందో ఊహించండి. బద్దెనపల్లి టెక్స్‌టైల్ పార్కు మన మండలంలోనే ఉంది. ఆ కాగితం రాయడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. పదో తరగతి లెక్కలు వచ్చిన తమ్ముడు చాలు.

లంబాడిపల్లి గంగవ్వ

'మాకు రాయడం రాదు' అనేవాళ్ళకు జగిత్యాల జిల్లా లంబాడిపల్లి జవాబు చెబుతుంది. ఆ ఊరి యువకుడు శ్రీరాం శ్రీకాంత్ 2012లో 'మై విలేజ్ షో' పేరుతో యూట్యూబ్‌లో వీడియోలు పెట్టడం మొదలుపెట్టారు. అందులో ఉన్నది ఊరి బతుకే. పొలం పని, పండుగ, పంచాయితీ, మన యాస. ఆ ఊళ్ళోనే కూలి పని చేసుకుని, బీడీలు చుట్టుకుని బతికిన గంగవ్వ ఆ వీడియోలతో అందరికీ అవ్వ అయింది. 2019లో సినిమాల్లో కనబడింది, 2020లో బిగ్‌బాస్ దాకా పోయింది. ఆమెకు పెద్దగా బడి చదువు లేదు. కానీ తన బతుకును తన మాటలో చెప్పింది.

ఆ వీడియోల తర్వాత తెలంగాణ పల్లెల్లో ఎందరో యువకులు కెమెరా పట్టుకున్నారు. సినిమాల్లో ఎక్కువగా వెక్కిరింపుకు వాడిన మన యాస, జనం కోరి వినే యాస అయింది. ఇందులో సినిమాలకూ, ఉద్యమానికీ వాటా ఉంది, కాదనలేం. లంబాడిపల్లి వాటా కూడా చిన్నదేమీ కాదు. కాబట్టి రాత అంటే కాగితమే కానక్కర్లేదు. చేతకాకపోతే చెప్పి రికార్డు చేయొచ్చు. ముఖ్యం ఏమిటంటే మన పని గురించి మన నోటితో చెప్పడం.

కొలువుకు ఇది ఎట్లా పనికొస్తుంది?

మొదటి లాభం మనకే. ఒక పనిని రాయాలని కూర్చుంటే మనకు ఏది నిజంగా తెలుసో, ఏది తెలిసినట్టు అనుకుంటున్నామో అప్పుడు బయటపడుతుంది.

రెండో లాభం రుజువు. డిగ్రీ పట్టా అందరి దగ్గరా ఒకటే తీరుగా ఉంటుంది. రెండేళ్ళపాటు నెలకు రెండు పేజీలు తన పని గురించి రాసిన మనిషి దగ్గర తేదీలతో సహా 48 పేజీలు ఉంటాయి. ఇంటర్వ్యూలో 'నీకేం వచ్చు' అని అడిగినప్పుడు ఆ పేజీలు తీసి ముందు పెట్టొచ్చు. మాటలు తడబడే మనలాంటి వాళ్ళకు ఇది పెద్ద ఆసరా.

మూడో లాభం పరిచయాలు. రాసింది చదివి తప్పు చెప్పేవాళ్ళు వస్తారు, సందేహం అడిగేవాళ్ళు వస్తారు, పని ఉందని పిలిచేవాళ్ళూ వస్తారు. తాత తండ్రుల నుంచి రాని 'తెలిసినవాళ్ళు' మనకు ఈ రకంగా సమకూరుతారు.

అయితే రాసిన ప్రతివాడికీ ఉద్యోగం వస్తుందని మేము చెప్పడం లేదు. పని రాకుండా రాత ఒక్కటే ఉంటే అది రెండు రోజుల్లో తేలిపోతుంది. పని ముందు, రాత దాని వెనుక.

తీసుకోవలసిన జాగ్రత్తలు

1. కొత్త యంత్రమో, పద్ధతో కనిపెట్టి దానికి పేటెంటు తీసుకోవాలని ఉంటే, దరఖాస్తు పెట్టకముందే బయట పెట్టకూడదు. ముందే అందరికీ చెబితే అది 'కొత్తది' కాదని పేటెంటు నిరాకరించవచ్చు. ముందుగా తాత్కాలిక దరఖాస్తు పెట్టుకుంటే, పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలల గడువు ఉంటుంది.

2. పనిచేసే చోటి రహస్యాలు, ఆస్పత్రిలో రోగుల వివరాలు, బడిలో పిల్లల ఇంటి సంగతులు రాయకూడదు. ప్రభుత్వ ఉద్యోగులు తమ ప్రవర్తనా నియమావళి చూసుకుని రాయాలి.

3. ఒకరి దగ్గర నేర్చుకున్నది రాస్తే వాళ్ళను అడిగి, వాళ్ళ పేరుతోనే రాయాలి. మన తాతల తెలివిని ఎవరో పేరు లేకుండా వాడుకున్నారని బాధపడే మనమే ఆ పని చేయకూడదు.

4. గొప్పలు వద్దు. కుదరనిది కూడా రాయాలి. చదివేవాడికి ఎక్కువ పనికొచ్చేది అదే.

ఎట్లా మొదలుపెట్టాలి?

ఒక రెండొందల పేజీల నోట్‌బుక్కు చాలు. వారానికి ఒక పేజీ. పైన తేదీ, కింద పేరు. ఎట్లా రాయాలో ఒక చిన్న ఉదాహరణ ఇస్తాం.

'మా నాన్న సాంచాల కార్మికుడు, చాలా కష్టపడతాడు' అని రాస్తే అది నిజమే, కానీ చదివినవాళ్ళకు కొత్తగా ఏమీ తెలియదు. అదే, 'మా నాన్న ఎనిమిది సాంచాలు చూసుకుంటాడు. ఎండాకాలం మధ్యాహ్నం పోగులు ఎక్కువ తెగుతున్నాయి. షెడ్డులో నీళ్ళు చల్లిన రోజు ఎన్ని తెగాయో, చల్లని రోజు ఎన్ని తెగాయో వారం రోజులు లెక్క పెట్టాం. లెక్క ఇది' అని రాస్తే, దాన్ని ఇంకో షెడ్డు వాళ్ళు చదువుతారు. తండ్రి కష్టం కూడా అందులోనే కనబడుతుంది, వేరే చెప్పనక్కర్లేదు.

హాస్టల్‌లోనే ఎన్ని విషయాలు లేవు! అంతమందికి అన్నం మాడకుండా, పలుకు కాకుండా వండే వంటక్క లెక్క ఏమిటి? ఎసరు ఎంత, బియ్యం ఎంత, మంట ఎప్పుడు తగ్గిస్తుంది? బోరు మోటారు మాటిమాటికీ కాలిపోతుంటే బాగుచేసే మెకానిక్ ముందు ఏం చూస్తాడు? అమ్మ బీడీ ఆకు తడిపి, కత్తిరించి, చుట్టి, కట్టలు కట్టేదాకా ఒక్కో పనికి ఎంత సేపు పడుతుంది? వీటిలో ఏ ఒక్కటి సరిగ్గా రాసినా అది ఇంతకు ముందు ఎవరూ రాయని పేజీ అవుతుంది. వాటిని హాస్టల్ గోడపత్రికలో అతికించండి. నలుగురు చదివి సరిదిద్దిన తర్వాత ఫోన్‌లో ఎక్కించడం పెద్ద పని కాదు.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి

ఈ హాస్టల్‌లో చదివిన అన్నలు, అక్కలు ఇవాళ టీచర్లుగా, కానిస్టేబుళ్ళుగా, నర్సులుగా, లైన్‌మెన్‌లుగా, ల్యాబ్ టెక్నీషియన్లుగా పనిచేస్తున్నారు. కొందరు గల్ఫ్ దేశాల్లో ఉన్నారు. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు 'బాగా చదువుకోండి' అని చెబుతారు. ఆ మాట మంచిదే, కానీ మాకు అంతకన్నా ఎక్కువ కావాలి. మీ ఉద్యోగంలో మొదటి ఏడాది ఎట్లా గడిచింది, ఏ పరీక్షకు ఏం చదివారు, పని మొదటి రోజున ఏం తెలియక ఇబ్బంది పడ్డారు, జీతం చేతికి ఎంత వస్తుంది, గల్ఫ్ పోయే ముందు ఏ కాగితాలు చూసుకోవాలి, ఇవి ఒక్కొక్కరు ఒక్కో పేజీ రాసి పంపండి.

30 మంది రాస్తే 30 వృత్తుల పుస్తకం అవుతుంది. పదో తరగతి పాసై, ముందు ఎటు పోవాలో తెలియక ట్రంకు పెట్టె సర్దుకుంటున్న తమ్ముడికి ఆ పుస్తకం చేతిలో ఉంటే, వాడికి 'తెలిసినవాళ్ళు' 30 మంది ఉన్నట్టే. వచ్చే వార్షికోత్సవ సంచికలో ఆ పేజీలకు చోటు కేటాయించాలని సంపాదక వర్గాన్ని కోరుతున్నాం. మొదటి పేజీ మేము రాసి ఇస్తాం.